పెద్ద ఏబీసీడీలు, చిన్న ఏబీసీడీలు: రెండు ఎందుకు వచ్చాయి?

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, నేను మన కార్వేటినగరం వేణుగోపాలస్వామి గుడి గురించో, స్కంద పుష్కరిణి గురించో రాస్తానని అనుకొని ఉంటారు. ఆ సంగతులు నాకంటే బాగా చెప్పగలిగినవారు మన సభ్యుల్లోనే ఉన్నారు. నేను ఎత్తుకున్నది చూడడానికి చాలా చిన్న విషయం. సర్వీసులో చేరిననాటి దరఖాస్తు మొదలు ఏటేటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ దాకా మనం నింపిన ప్రతి ఫారంలోనూ పేరు పక్కన ఒక షరతు ఉంటుంది: బ్లాక్ లెటర్లలో రాయవలెను అని. ఈ బ్లాక్ లెటర్లు, అంటే కెపిటల్ లెటర్లు, ఇంగ్లీషుకు ఎందుకు? ఉన్న 26 అక్షరాలకు రెండేసి రూపాలు పెట్టుకొని పిల్లలచేత 52 దిద్దించడం దేనికి? మన తెలుగుకు అవి లేకపోవడం వల్ల వచ్చిన లోటేమిటి? టైపిస్టుగా చేరి సూపరింటెండెంటుగా రిటైరైన వాణ్ణి గనుక ఈ అక్షరాలతోనే నా బతుకు గడిచింది. కాబట్టి ఈ ప్రశ్న వేసుకునే హక్కు నాకుందనుకుంటాను.

మొదట చెప్పవలసింది, పెద్ద అక్షరం చిన్న అక్షరానికి గౌరవ రూపంగా పుట్టలేదు. ఇంగ్లీషువాళ్ళు అక్షరాలు తీసుకున్నది రోమనుల దగ్గర. ఆ రోమనులకు మొదట ఒకే వరస ఉండేది, అదీ 23 అక్షరాలే. నేడు మనం కెపిటల్స్ అంటున్నవి అవే. రోము నగరంలో ట్రాజన్ చక్రవర్తి విజయస్తంభం క్రీ.శ. 113 నాటిది. దాని పీఠం మీద చెక్కిన శాసనంలో ఉన్న అక్షరాలనే ఇప్పటికీ అచ్చక్షరాలు గీసేవారు ఒజ్జబంతిగా పెట్టుకుంటారు. అందులో చిన్న అక్షరం ఒక్కటీ ఉండదు. రాజు పేరైనా, మామూలు క్రియాపదమైనా అన్నీ ఒకే తీరు. రాయి మీద ఉలితో చెక్కాలంటే నిలువు గీతలు, అడ్డగీతలు, ఏటవాలు గీతలు అనుకూలం. అందుకే ఆ అక్షరాలు అంత నిటారుగా ఉంటాయి.

కానీ కూరగాయల లెక్కలు, ఉత్తరాలు ఎవరూ రాతిమీద చెక్కుకోరు గదా. వాటిని మైనపు పలకలమీద, పాపిరస్ కాగితం మీద గబగబా రాసేవారు. చెయ్యి తొందరపడేకొద్దీ మూలలు గుండ్రబడ్డాయి, కొన్ని గీతలు పైకి లేచాయి, కొన్ని కిందికి దిగాయి. ఇలా కొన్ని వందల ఏళ్ళలో కలం అక్షరాలు రాతి అక్షరాలను పోల్చుకోలేనంతగా మారిపోయాయి. చిన్న అక్షరాలు పుట్టింది ఇలా. అంటే చిన్నవి పెద్దవాటి పిల్లలు. తండ్రిది ఉలి, కొడుకుది కలం.

ఐరోపాలో ఒక్కో మఠానిది ఒక్కో రాతగా ఉన్న కాలంలో, నేటి ఫ్రాన్సు, జర్మనీ ప్రాంతాలను ఏలిన షార్లమేన్ చక్రవర్తి (పాలన 768–814) చదువులను, గ్రంథాలను సంస్కరించే పని పెట్టుకున్నాడు. ఇంగ్లండులోని యార్క్ నుంచి ఆల్క్విన్ అనే పండితుణ్ణి పిలిపించుకున్నాడు. ఈయన 796 నుంచి టూర్స్ పట్టణంలోని మఠానికి అధిపతిగా ఉన్నాడు. అప్పటికే కొన్ని మఠాల్లో రూపు దిద్దుకుంటున్న ఒక తేటైన చిన్న అక్షరాల రాత ఆ కాలంలోనే దేశమంతటా వ్యాపించింది. దాన్ని ఆల్క్విన్ ఒక్కడే కనిపెట్టాడని కొన్ని పుస్తకాల్లో రాస్తారు గానీ అది సరికాదు.

ఇక్కడే అసలు మలుపు ఉంది. కొత్త రాత వచ్చినా వాళ్ళు పాతదాన్ని పారెయ్యలేదు. గ్రంథం పేరు రాతి అక్షరాల్లో, అధ్యాయం మొదటి పంక్తి మరో పాత గుండ్రని రాతలో, లోపలి విషయమంతా చిన్న అక్షరాల్లో రాశారు. మన ఆఫీసుల్లో ఆఫీసరు కుర్చీ, సూపరింటెండెంటు కుర్చీ, గుమాస్తా కుర్చీ వరసగా వేసినట్లుగా అక్షరాలకూ హోదాలు ఏర్పడ్డాయి. అధ్యాయం మొదటి అక్షరాన్ని రంగులతో, కొన్ని చోట్ల బంగారంతో దిద్దేవారు. పేజీల నంబర్లు లేని ఆ రోజుల్లో చదివేవాడికి విషయం ఎక్కడ మొదలయిందో చూపించేది ఆ అక్షరమే. లాటిన్‌లో తలను కాపుట్ అంటారు. కెపిటల్ అనే మాట దానినుంచి వచ్చింది. అంటే తల అక్షరం. మనకైతే ట, ణ, బ, ల వంటి కొన్ని తప్పిస్తే చాలా అక్షరాలకు తలకట్టు ఉంది. ఆ లెక్కన మనవాళ్ళు ఎక్కువ తక్కువలు పెట్టకుండా చాలామందికి తలపాగా చుట్టారన్నమాట!

ఇది నా సరదా మాట. అసలు పోలిక వేరే ఉంది. ఉలి, కలం అనే తేడా మన దగ్గర లేకపోలేదు. మన రాయలసీమలోనే, కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ళలో చెన్నకేశవస్వామి గుడి ఆవరణలో దొరికిన శాసనం ఉంది. రేనాటి చోళుల కాలపు ఈ శాసనం క్రీ.శ. 575 ప్రాంతానిది. మనకు దొరికిన తెలుగు శాసనాల్లో మొదటిదని పండితులు చెబుతారు. అందులో ఎరికల్ ముతురాజు ధనంజయుని పేరు ఉంది. ఆయన పేరు రాజు పేరే అయినా దానికంటూ వేరే అక్షర రూపం లేదు. ఆ తరవాత తాటాకు మీద గంటంతో రాసే చెయ్యి వేరు. ఆకు ఈనె వెంబడి గీత గట్టిగా లాగితే ఆకు చీలుతుంది, గుండ్రంగా తిప్పితే నిలుస్తుంది. మన అక్షరాలు ఇంత గుండ్రంగా ఉండడానికి ఇదొక కారణమని చెబుతారు. కలమళ్ళ అక్షరాన్ని మన మనవళ్ళకు చూపిస్తే అది తెలుగని నమ్మరు. అంత మారింది. అయితే మనవాళ్ళు కొత్త రూపం రాగానే పాతదాన్ని శాసనంలోనే వదిలేశారు. దాన్ని వాక్యం మొదట్లో పెట్టుకోలేదు. ఐరోపావాళ్ళు తాతను, మనవణ్ణి ఒకే పంక్తిలో కూర్చోబెట్టారు. రెండు వరసలు ఉండడానికి, ఒక వరసే ఉండడానికి తేడా నాకు తెలిసినంతలో ఇంతే. అందులో తెలివి, అనాగరికత అనేవి లేవు. గ్రీకు, రష్యన్, ఆర్మేనియన్ లిపులకు రెండు వరసలున్నాయి. అరబ్బీకి, హీబ్రూకు, చైనా జపాను లిపులకు, మన దేశపు లిపులకు లేవు.

1400 ప్రాంతంలో ఇటలీ పండితులు పాత మఠాల్లో దొరికిన షార్లమేన్ కాలపు పుస్తకాలను చూసి అవి పురాతన రోమనుల రాతే అనుకున్నారు! ఆ చిన్న అక్షరాలను మళ్ళీ రాయడం మొదలుపెట్టి, వాటికి తోడు నిజమైన రోమను శాసనాల అక్షరాలను పెద్దవిగా చేర్చారు. ఆ జంటే అచ్చులోకి ఎక్కింది. జర్మనీలో గూటెన్‌బర్గ్ బైబిలు అచ్చయింది 1455 ప్రాంతంలో. అందులో అధ్యాయాల మొదటి అక్షరాలకు ఖాళీ వదిలి, తరవాత చేత్తో రంగు వేయించారు. వెనిస్‌లో జెన్సన్ 1470లో వేసిన అక్షరాలు నేటి పుస్తకాల అక్షరాలకు చాలా దగ్గర. లండను పక్క వెస్ట్‌మినిస్టర్‌లో కాక్స్‌టన్ అచ్చుకూటం పెట్టింది 1476లో.

అచ్చుకూటంలో సీసపు అక్షరాలు గళ్ళ పెట్టెల్లో ఉండేవి. అరుదుగా కావలసిన పెద్ద అక్షరాల పెట్టె పైన, ఊరికే చెయ్యి పెట్టవలసిన చిన్న అక్షరాల పెట్టె కింద, చేతికి దగ్గరగా. ఇంగ్లీషులో అప్పర్ కేస్, లోయర్ కేస్ అనేవి ఈ పెట్టెల పేర్లే. మన జిల్లాలో పెళ్ళి పత్రికలు వేసే ట్రెడిల్ ప్రెస్సులు నడిచిన రోజులు మనకందరికీ గుర్తే. తెలుగు కంపోజిటరుకు పెద్దా చిన్నా గొడవ లేదు గానీ గుణింతాలు, ఒత్తులు కలిపి కొన్ని వందల రకాల దిమ్మెలు ఉండేవి. ఆ గళ్ళన్నీ కళ్ళు మూసుకొని తడుముకోగలిగినవాళ్ళు ఉండేవారు. 52 అక్షరాల వాళ్ళను చూసి మనం జాలి పడనక్కరలేదు.

వాక్యం మొదట పెద్ద అక్షరం, ఊరు పేరుకు, మనిషి పేరుకు పెద్ద అక్షరం అనే నియమాలు అచ్చు వచ్చాక నెమ్మదిగా స్థిరపడ్డాయి. ఒక దశలో ఇది మితిమీరింది. 17, 18 శతాబ్దాల ఇంగ్లీషు పుస్తకాల్లో ముఖ్యమని తోచిన ప్రతి నామవాచకానికీ పెద్ద అక్షరం వేసేవారు. 1787 నాటి అమెరికా రాజ్యాంగం మూలప్రతిలో ఆ అలవాటు చూడవచ్చు. తరవాత ఇంగ్లీషువాళ్ళు దాన్ని వదిలేశారు. జర్మన్లు మాత్రం నేటికీ కుర్చీకి, కుండకు, కుక్కకు కూడా పెద్ద అక్షరమే వేస్తారు. డెన్మార్కువారు 1948లో మానుకున్నారు. నియమం మనుషులు పెట్టుకున్నదే అనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అన్నింటికంటే నాకు విచిత్రంగా తోచేది నేను అనే మాట. ఇంగ్లీషులో ఐ ఎక్కడున్నా పెద్ద అక్షరమే, వాక్యం నడుమ ఉన్నా సరే. ఇది అహంకారమని మనవాళ్ళు ఎగతాళి చేస్తుంటారు. చరిత్ర చూస్తే పాపం అంత లేదు. పాత ఇంగ్లీషులో ఆ మాట ఇచ్ అని ఉండేది. చివరి ధ్వని అరిగిపోయి ఒక్క ఇ మిగిలింది. చేతిరాతలో ఒంటరిగా నిలిచిన ఆ చిన్న గీత పక్క మాటలో కలిసిపోయి కనిపించకుండా పోయేది. అందుకని రాసేవారు దాన్ని పొడుగ్గా సాగదీశారు. కనపడడం కోసం చేసిన పని. జర్మన్‌లో నేను చిన్న అక్షరం, గౌరవంగా మీరు అనే మాట పెద్ద అక్షరం. ఈ పద్ధతి మనకు నచ్చేటట్టుంది. కానీ మనకు మీరు అన్నాక ఇంకా అక్షరం పెంచవలసిన అవసరం ఏముంది? మన గౌరవమంతా మాటలోనే ఉంది. ముందు శ్రీ, వెనక గారు, చివర వచ్చారు, కూర్చున్నారు.

అయితే పేర్ల విషయంలో ఇంగ్లీషు వారి పద్ధతి పనికొస్తుందని ఒప్పుకోవాలి. సత్యం గెలిచింది అంటే సరే, సత్యం గెలిచాడు అంటే ఎలక్షన్లలో నిలబడిన సత్యంగారని క్రియను బట్టి తెలుస్తుంది. కానీ ఇంట్లో శాంతి లేదు అని రాస్తే ఏమనుకోవాలి? శాంతి అనే అమ్మాయి బయటికి వెళ్ళిందా, లేక ఆ ఇంట్లో రోజూ జగడాలా? ఇంగ్లీషైతే ఒక పెద్ద అక్షరంతో తేల్చేస్తుంది. తెలుగులో ముందు వెనక చూసుకోవాలి. మనవాళ్ళు దీనికి స్థానాన్ని వాడుకున్నారు. మన ఊరి సంస్థానంలో పదాలు కట్టిన సారంగపాణిని తీసుకోండి. ఆయన పదాల్లో వేణుగోపాల అనే ముద్ర వస్తుంది. ముద్ర ఎక్కడ రావాలో పాడేవారికి, వినేవారికి తెలుసు. పేరును పట్టించేది దాని చోటు. తాటాకు మీద అక్షరం పెద్దదవనక్కర లేదు.

ఇక మన ఆఫీసుల సంగతికి వస్తాను. అమెరికాలో 1874లో అమ్మకానికి వచ్చిన షోల్స్, గ్లిడెన్ టైపు మిషను కెపిటల్స్ మాత్రమే కొట్టేది. 1878లో వచ్చిన రెండో నంబరు రెమింగ్టన్‌తో షిఫ్ట్ కీ వచ్చింది. షిఫ్ట్ అంటే జరగడం. కీ నొక్కితే నిజంగానే మిషన్లో భాగం జరిగి అదే మీటకున్న రెండో అక్షరం కాగితాన్ని తాకేది. చాలా మిషన్లలో ఒకటి అంకె ఉండేది కాదు. చిన్న ఎల్ అక్షరాన్నే ఒకటిగా కొట్టేవాళ్ళం. అక్షరం లావు చేసే వీలు లేదు గనుక ప్రొసీడింగ్స్ శీర్షికలు కెపిటల్స్‌లో కొట్టి కింద గీత గీసేవాళ్ళం. మన రాష్ట్రంలో 1966లో అధికార భాషా చట్టం వచ్చింది. ఆ తరవాత ఆఫీసుల్లోకి వచ్చిన తెలుగు మిషన్లకు కూడా షిఫ్ట్ ఉండేది. కానీ దాన్ని నొక్కితే అక్షరం పెద్దది కాదు, వేరే అక్షరమో గుర్తో పడుతుంది. ఇంగ్లీషు హయ్యరు పాసై తెలుగు మిషను ముందు కూర్చున్నవాళ్ళ వేళ్ళు ఆ అలవాటు మార్చుకోవడానికి చాలా రోజులు పట్టేది.

బ్లాక్ లెటర్ల షరతు ఎందుకంటే, కలిపి రాసే ఇంగ్లీషు చేతిరాత ఎవరిది వారికే అర్థమవుతుంది. కెపిటల్స్ ఒకదానితో ఒకటి కలవవు, విడివిడిగా నిలబడతాయి. యంత్రాలు ఈ అలవాటును ఇంకా బిగించాయి. టెలిగ్రాఫ్ మోర్స్ సంకేతాల్లో చిన్నా పెద్దా తేడానే లేదు. టెలిప్రింటరు కోడ్‌లో ఉన్నవి 32 గుర్తులే. రెండు వరసలకు చోటు లేక ఒకే వరస ఉంచారు. మనకు 2013 జూలైలో ఆగిపోయేదాకా టెలిగ్రాములు కెపిటల్స్‌లోనే వచ్చేవి. కంప్యూటర్లకు అమెరికాలో 1963లో ఖాయం చేసిన అక్షర సంకేతాల పట్టికలో కూడా మొదట కెపిటల్సే. చిన్న అక్షరాలు 1967లో చేరాయి. ఇప్పటికీ పాస్‌పోర్టు అడుగున యంత్రం చదివే రెండు వరసలు చూడండి, అన్నీ కెపిటల్సే. వాట్సాప్‌లో మనం అదే అలవాటుతో అంతా కెపిటల్స్ కొడితే మాత్రం, ఎందుకు తాతా అరుస్తున్నావు అంటున్నారు పిల్లలు.

దీనివల్ల మన పేర్లకు ఏమయింది? మన అక్షరాలు కెపిటల్స్‌లో ఇమడవు. 1990లలో అమెరికాలోని మన కుర్రవాళ్ళు కంప్యూటరులో తెలుగు రాసుకోవడానికి రైస్ విశ్వవిద్యాలయంలో ఒక పద్ధతి కట్టారు. ఆర్.టి.ఎస్. అంటారు. అందులో చిన్న టి అంటే త, పెద్ద టి అంటే ట. చిన్న ఎల్ ల, పెద్ద ఎల్ ళ. పాత, పాట, కల, కళ — వీటికి తేడా ఇలా తెలుస్తుంది. ఇంగ్లీషులో నోరులేని పెద్ద అక్షరానికి మనవాళ్ళు ధ్వని ఇచ్చారు. ఈ పద్ధతిలో తులసి అనే అమ్మాయి పేరును ఇంగ్లీషు మర్యాదతో పెద్ద అక్షరంతో మొదలుపెడితే ఆమె టులసి అవుతుంది! లేఖిని వాడే మన సభ్యుల పిల్లలకు ఇది అనుభవమే. కానీ ప్రభుత్వ ఫారంలో అన్నీ కెపిటల్సే గనుక ఈ తేడాకు చోటు లేదు. అందుకే మన దక్షిణాదిలో తకు టి పక్కన హెచ్ చేర్చడం అలవాటయింది. కొందరు చేరుస్తారు, కొందరు చేర్చరు. ఊళ్ళకే ఈ బాధ తప్పలేదు. పాత ఇంగ్లీషు కాగితాల్లో కార్వేటినగరం సీతో ఉంటుంది, తరవాతి వాటిలో కేతో ఉంటుంది. కడపకు సీ పోయి కే వచ్చింది 2005లో.

మన ప్రాంతం 1911 దాకా ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. తమిళ సీమ పక్కనే గనుక మనలో కొందరి ఇనీషియలు ఇంటిపేరు, కొందరిది తండ్రిపేరు. ఒక్క కెపిటల్ లెటరు, పక్కన ఒక చుక్క. సర్వీసంతా ఎవరూ దాన్ని విప్పి చెప్పమనలేదు. ఇప్పుడు కంప్యూటరు దాన్ని విప్పమంటుంది. అన్నదమ్ములిద్దరూ చెరొక రకంగా విప్పుకొని కాగితాలమీద వేరు వేరు ఇళ్ళవాళ్ళైన సంగతులు నాకు తెలుసు.

నాతో పనిచేసిన ఒక మిత్రుడు పోయాక ఆయన భార్యకు ఫ్యామిలీ పెన్షన్ రావడానికి ఏడు నెలలు పట్టింది. కారణం ఆమె పేరులోని ఒక త. భర్త నామినేషన్ కాగితంలో హెచ్ ఉంది, ఆధార్‌లో లేదు. మిగతా అన్ని అక్షరాలూ ఒకటే. ఇద్దరు వేరు వేరు మనుషులు కావచ్చునని ఆఫీసువారు రాశారు. ఆ ఏడు నెలలూ ఆమె కొడుకు పంపే డబ్బుతో, మందులు సగం కొనుక్కుంటూ గడిపింది. చివరకు పుత్తూరులో నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించాం. పై స్పెల్లింగులు రెండూ ఒకే మనిషివి అని. రెండు పేర్లూ కెపిటల్స్‌లో ఒకదాని కింద ఒకటి టైపు చేసి ఉన్నాయి. కింద ఆమె తెలుగులో సంతకం చేసింది. తెలుగులో ఆ పేరు ఒక్క రకంగానే రాస్తారు.

ఆ అఫిడవిట్ నమూనా ఒకటి నా దగ్గర ఉంది. మీ పెన్షన్ పేమెంట్ ఆర్డరు, ఆధార్, బ్యాంకు పుస్తకం, నామినేషన్ కాగితం నాలుగూ పక్కపక్కన పెట్టి, మీ పేరూ మీ శ్రీమతి పేరూ అక్షరం అక్షరం పోల్చి చూసుకోండి. ఇనీషియలు తరవాత చుక్క, ఖాళీ కూడా చూడండి. తేడా కనిపిస్తే మీరు ఉండగానే సరిచేయించండి. నమూనా కావలసినవారు నెలవారీ సమావేశం రోజున నన్ను అడిగితే జిరాక్సు ఇస్తాను.